విడిభాగాల ఇల్లు.. ఖనిలో కుదురుకునేనా?

గోదావరిఖని: బొగ్గు గనిలో ఉద్యోగ విరమణ పొందే కార్మికుడి ముందు రెండు లెక్కలు ఒకేసారి నిలుస్తాయి. ఒకటి గ్రాట్యుటీ, బొగ్గు గనుల భవిష్యనిధి రూపంలో చేతికి వచ్చే సొమ్ము. రెండోది ఖాళీ చేసి అప్పగించాల్సిన కంపెనీ క్వార్టరు. అప్పటికే సొంత ఇల్లు కట్టుకున్నవారికి చింత లేదు. కట్టుకోనివారు అద్దె ఇంట్లోకి మారి, స్థలంలో ముగ్గు పోసి, మేస్త్రీ చుట్టూ తిరగడం మొదలుపెడతారు. ఇసుక దొరికిననాడు కూలీలు రారు. కూలీలు వచ్చిననాడు వాన వస్తుంది. ఏడాది గడిచినా సున్నాలు పూర్తికాని ఇళ్లు కార్మిక వాడల్లో కొత్తేమీ కాదు.

నగరాల్లో ఇదే పనిని రెండు మూడు నెలల్లో ముగించే పద్ధతి ఒకటి పేరు తెచ్చుకుంటోంది. గోడలు, పైకప్పు, మెట్లు కర్మాగారంలో తయారై లారీలపై వస్తాయి. స్థలంలో పునాది మాత్రమే కడతారు. మిగతావన్నీ క్రేనుతో నిలబెట్టి బిగిస్తారు. ముందస్తు తయారీ నిర్మాణమని, ప్రీఫ్యాబ్ అని, మాడ్యులర్ అని దీన్ని పిలుస్తున్నారు. వేగం ఇంత ఉన్నా రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో సొంత ఇంటికి ఈ పద్ధతిని ఎంచుకునేవారు అరుదు. కార్మికుల అవగాహన లేమి దీనికి కారణమని తేల్చేస్తే పొరపాటే. లెక్కలు వేసి చూస్తే వారి వెనుకంజకు గట్టి కారణాలే కనిపిస్తాయి.

కొత్తదేమీ కాదు

అచ్చులో పోసిన సిమెంటు భాగాలు ఈ ప్రాంతానికి కొత్త కావు. మరుగుదొడ్డి గుంతలోకి దించే సిమెంటు వరలు, ఖాళీ ప్లాట్ల చుట్టూ స్తంభాల నడుమ జారవిడిచే ప్రహరీ పలకలు, చెక్క ధర భరించలేక కొనే సిమెంటు దర్వాజాలు అన్నీ ముందస్తు తయారీ వస్తువులే. ఓపెన్‌కాస్టు గనుల వద్ద, పెద్ద కర్మాగారాల నిర్మాణ సమయంలో గుత్తేదారులు నిలిపే రేకు గదుల కార్యాలయాలూ ఈ కోవలోనివే. అంటే ముక్కలను నమ్మిన జనం మొత్తం ఇంటిని నమ్మడానికి జంకుతున్నారన్న మాట.

ఈ నిర్మాణాల్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి. మొదటిది కాంక్రీటు పలకల పద్ధతి. గోడ, స్లాబు వేర్వేరు పలకలుగా వస్తాయి. రెండోది పెట్టె పద్ధతి. గది గదిగానే తయారై వస్తుంది, ఒకదానిపై ఒకటి పేర్చుతారు. మూడోది ఉక్కు చట్రం పద్ధతి. తేలికపాటి ఉక్కు కమ్మీలకు, నడుమ నురుగు పదార్థం నింపిన రేకు పలకలను బిగిస్తారు. బరువులోనూ, మన్నికలోనూ, వేడిని ఆపడంలోనూ ఈ మూడింటికీ పోలిక లేదు. ‘ప్రీఫ్యాబ్ ఇల్లు’ అన్న ఒకే మాటతో మూడింటినీ అమ్మడమే కొనుగోలుదారుకు మొదటి చిక్కు.

దేశంలో ఈ ప్రయత్నం స్వాతంత్ర్యం నాటిది. దేశ విభజన శరణార్థులకు త్వరగా ఇళ్లు ఇవ్వాలన్న తలంపుతో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో గృహ కర్మాగారం నెలకొల్పింది. జర్మనీ నుంచి వచ్చిన వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బెర్గర్ ఈ పథకంలో కీలకపాత్ర వహించారు. పలకలు ఆశించినట్లు నిలవలేదు, పథకం విఫలమైంది, ఆయన 1951లో దేశం విడిచి వెళ్లారు. కర్మాగారం మాత్రం మూతపడలేదు. ఇతర కాంక్రీటు ఉత్పత్తుల వైపు మళ్లి, తర్వాతి కాలంలో హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది.

డెబ్బై ఏళ్ల తర్వాత కేంద్రం మరోసారి నడుం బిగించింది. లైట్‌హౌస్ ప్రాజెక్టుల పేరిట 2021 జనవరి 1న ఆరు నగరాల్లో ఆరు వేర్వేరు పద్ధతులకు శంకుస్థాపన జరిగింది. చెన్నైలో కాంక్రీటు పలకలతో 1,152 ఇళ్లు, ఇండోర్‌లో నురుగు పలకలతో 1,024, రాంచీలో పెట్టె పద్ధతిలో 1,008, అగర్తలాలో తేలికపాటి ఉక్కు చట్రంతో 1,000 ఇళ్లు తలపెట్టారు. రాజ్‌కోట్, లక్నో మిగతా రెండు. చెన్నై ఇళ్లను 2022 మేలో ప్రారంభించారు. ఈ ఆరింటిలో తెలుగు రాష్ట్రాల నగరం ఒక్కటీ లేదు. హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 రెండు పడక గదుల ఇళ్లను షియర్‌వాల్ పద్ధతిలో కట్టారు. అక్కడ అచ్చు బిగించి కాంక్రీటు పోసింది స్థలంలోనే గనుక అది ప్రీఫ్యాబ్ కాదు. వేగం మాత్రం ఆ కోవలోదే. వీటన్నింటిలో గమనించాల్సింది ఇళ్ల సంఖ్య. ఎక్కడా వెయ్యికి తక్కువ లేదు.

అచ్చు ఖర్చు ఎవరి నెత్తిన?

కర్మాగారంలో గోడ పోయాలంటే ఉక్కు అచ్చు కావాలి. ఉదాహరణకు ఒక అచ్చుకు రూ.2 లక్షలు అయిందనుకుందాం. దానితో పది ఇళ్లకు గోడలు పోస్తే ఇంటికి రూ.20 వేలు పడుతుంది. రెండు వందల ఇళ్లకు పోస్తే రూ.వెయ్యే. ముందస్తు తయారీ లాభనష్టాలన్నీ ఈ భాగహారంలో ఉన్నాయి. సింగపూర్‌లో 1980ల నుంచి ఈ పద్ధతి నిలదొక్కుకోవడానికి కారణం అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ఒక్కటే వేలాది ఇళ్లను ఒకే కొలతలతో కట్టించడం. ఖనిలో సొంత ఇళ్ల తీరు అందుకు పూర్తిగా భిన్నం. ఒకరిది తూర్పు ముఖం, మరొకరిది ఉత్తరం. ఒకరి స్థలం 100 గజాలు, పక్కవారిది 83. వాస్తు ప్రకారం వంటగది ఆగ్నేయంలో ఉండాలి, మెట్లు ఫలానా వైపే తిరగాలి. ప్రతి ఇంటికీ కొలత మారితే అచ్చు ఆదా ఆవిరైపోతుంది.

పన్ను మరో మెలిక. సొంత ఇంటికి కేవలం కూలి ఒప్పందంపై పనిచేసే మేస్త్రీ సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. సిమెంటుపై 28 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే మామూలు పద్ధతిలో సామగ్రికి పన్ను కడతారు, కూలికి కట్టరు. కర్మాగారంలో తయారైన భవనానికైతే మొత్తం విలువపై 18 శాతం పడుతుంది, కూలి భాగం కూడా అందులో కలిసిపోతుంది. ఇంటి ఖర్చులో కూలి రూ.2 లక్షలనుకుంటే దానిపై పన్నే రూ.36 వేలు. నెలకు రూ.6 వేల అద్దె చొప్పున ఆరు నెలలు ముందుగా ఇంట్లోకి చేరి మిగుల్చుకునేదీ రూ.36 వేలే. వేగం తెచ్చిన లాభం పన్నుతో చెల్లయిపోయింది. బ్యాంకు వడ్డీ రోజుకు లక్షల్లో కట్టే నగర నిర్మాణదారుకు ఆరు నెలల ఆదా బంగారంతో సమానం. ఒక్క ఇల్లు కట్టుకునే కార్మికుడికి కాదు.

చుట్టూ ఇటుకే

ప్రీఫ్యాబ్‌కు ఇక్కడి అసలు పోటీదారు ఇటుక. పెద్దపల్లి పరిసరాలు ఇటుక బట్టీలకు ప్రసిద్ధి. ఏటా ఒడిశా నుంచి కుటుంబాలతో సహా వలస వచ్చే కూలీల శ్రమతో ఇక్కడ తయారయ్యే ఇటుక హైదరాబాద్ దాకా పోతోంది. వారి వేతనాలు, బతుకులపై ఎన్ని విమర్శలున్నా ఇటుక ధర తక్కువగా ఉండటానికి ఆ శ్రమే కారణమన్నది కాదనలేని చేదు నిజం. మరోవైపు 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ నుంచి, దాని పక్కనే 2023లో ఉత్పత్తి ప్రారంభించిన తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం నుంచి వెలువడే బూడిదతో తయారయ్యే ఇటుకలూ అందుబాటులో ఉన్నాయి. సిమెంటుకు బసంత్‌నగర్ కర్మాగారం, ఇసుకకు గోదావరి, మానేరు ఉండనే ఉన్నాయి. గోడకు కావలసిన సమస్తం దాదాపు పాతిక, ముప్పై కిలోమీటర్ల లోపే దొరుకుతుండగా, హైదరాబాద్ శివారు నుంచి 200 కిలోమీటర్లకు పైగా గోడనే మోసుకురావడం ఎంతవరకు లాభమన్నది ప్రశ్న.

ఆ మోత కూడా చిన్నదేమీ కాదు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల మందం గల ఒక్క కాంక్రీటు పలక నాలుగున్నర టన్నులు తూగుతుంది. 580 చదరపు అడుగుల చిన్న ఇంటికి గోడలు, కప్పు కలిపి 60 టన్నుల దాకా అవుతాయి. రాజీవ్ రహదారిపై ట్రైలర్లు రావడం కష్టం కాదు. రహదారి దిగాకే చిక్కంతా. కార్మిక వాడల్లో పది, పన్నెండు అడుగుల గల్లీలు, తలకు తగిలే కరెంటు తీగలు, మలుపులో మురుగు కాలువ. నాలుగున్నర టన్నుల పలకను దూరం నుంచి ఎత్తి దించే క్రేను నిలవడానికే చోటు చాలదు. పెట్టె పద్ధతికి ఇంకో అడ్డంకి ఉంది. మోటారు వాహన నియమాల ప్రకారం రవాణా వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటరాదు. అంతకు మించిన గదిని తరలించాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, లేదంటే ఇరుకు గదితో సరిపెట్టుకోవాలి. ఎనిమిదిన్నర అడుగుల గదిలో మంచం వేశాక మనిషి నడవడానికి చోటెంత మిగులుతుందో చెప్పనక్కర్లేదు.

కింద నేల సంగతేమిటి?

మిగతా జిల్లాలకు లేని ప్రశ్న ఇది. భూగర్భ గనుల్లో బొగ్గు తీసేందుకు వదిలిన పిల్లర్లను చివర్లో తొలగిస్తారు. పైకప్పు కూలి గోఫు ఏర్పడుతుంది. అడ్రియాల వంటి లాంగ్‌వాల్ గనిలో యంత్రం ముందుకు సాగేకొద్దీ వెనుక కప్పు కూలడం పనితీరులో భాగమే. దాని ప్రభావం ఉపరితలంపై నేల కుంగుబాటుగా, పగుళ్లుగా కనిపించవచ్చు. ఇక ఓపెన్‌కాస్టు పేలుళ్ల అదురు సరేసరి. పేలుడు స్థలానికి 500 మీటర్ల పరిధిని ప్రమాద మండలంగా పరిగణిస్తారు. దాని వెలుపల కూడా గోడలు బీటలువారుతున్నాయన్న ఫిర్యాదులు క్వారీ అంచు గ్రామాల నుంచి తరచూ వినిపిస్తూనే ఉంటాయి.

ఇటుక గోడ కదిలితే పగులు కనిపిస్తుంది, పూత వేస్తారు. పలకల ఇంటికి పలక బలం కాదు, అతుకు బలం ప్రధానం. ఈ సంగతి ప్రపంచానికి నేర్పింది లండన్‌లోని రోనన్ పాయింట్ భవనం. 22 అంతస్తుల ఆ పలకల భవనంలో 1968 మే 16న 18వ అంతస్తు వంటింట్లో గ్యాస్ పేలింది. ఒక గోడ పలక ఊడింది. దాంతో ఒక మూల అంతా పేకమేడలా వరుసగా కూలి నలుగురు మరణించారు. 2001 జనవరి 26 గుజరాత్ భూకంపంలోనూ ఇదే జరిగింది. అచ్చులో పోసిన భాగాలతో అంతకుముందే కట్టిన ఒంటి గది పాఠశాల భవనాలు పలుచోట్ల కూలాయి. భాగాలను ఒకదానికొకటి సరిగా కట్టకపోవడమే లోపమని నిపుణులు తేల్చారు. గోదావరి లోయకు భూకంపాలు తెలియనివి కావు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతాన్ని, 2024 డిసెంబరు 4న 5.3 తీవ్రతతో ములుగు జిల్లాను భూమి కుదిపింది. రెండో కుదుపు కోల్‌బెల్ట్ అంతటా తెలిసింది.

అయితే ఈ వాదనకు రెండో వైపు ఉంది. బరువైన కాంక్రీటు పలకకు ఏది బలహీనతో తేలికపాటి ఉక్కు చట్రానికి అదే అనుకూలం. బోల్టులతో బిగించిన ఉక్కు కొంత వంగుతుంది, కొంత సర్దుకుంటుంది, బరువు తక్కువ గనుక అదురుకు లోనయ్యే బలమూ తక్కువే. అందువల్ల క్వారీ సమీపంలో ప్రీఫ్యాబ్ పనికిరాదని ఒక్కమాటలో కొట్టివేయడం సరికాదు. ఏ రకమన్నదే అడగాలి.

నేల కింది సంగతి ఇదైతే నేల మీది హక్కు మరో సమస్య. కంపెనీ భూముల్లో దశాబ్దాల క్రితం వేసుకున్న ఇళ్లు కోల్‌బెల్ట్ పట్టణాలన్నింటా ఉన్నాయి. సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన స్థలాల్లోని ఇళ్లకు జీవో 76 కింద క్రమబద్ధీకరణ జరిగింది. పట్టా అందనివారికి బ్యాంకు రుణం రాదు. రుణం లేనివారు చేతిలో డబ్బు ఉన్నప్పుడు పది బస్తాల సిమెంటు, లేనప్పుడు విరామం అన్న తీరున కడతారు. ముక్కలుగా కట్టే స్తోమత ఉన్నవారికి ముక్కలుగా వచ్చే ఇల్లు అందదు. దాని ధర ఒకేసారి చెల్లించాలి.

బిల్లులు కుదరవు

ప్రభుత్వ సాయమూ ఇదే గాడిలో ఉంది. 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో రూ.5 లక్షల సాయాన్ని దశలవారీగా నిర్ణయించారు. పునాదికి రూ.లక్ష, గోడలకు రూ.1.25 లక్షలు, స్లాబుకు రూ.1.75 లక్షలు, పూర్తయ్యాక రూ.లక్ష. ఈ మెట్లన్నీ స్థలంలో లేచే ఇంటికి గీసినవి. కర్మాగారం వారు గోడలు పోయకముందే సగం సొమ్ము అడుగుతారు. ఆ సమయానికి స్థలంలో ఫొటో తీయడానికి పునాది తప్ప మరేమీ ఉండదు. బ్యాంకుల గృహరుణం విడుదల కూడా ఇలాగే సాగుతుంది. సింగరేణి కార్మికులకు గృహరుణం రూ.10 లక్షల వరకు వడ్డీని సంస్థ భరించే సదుపాయాన్ని 2017లో ప్రకటించారు. అదీ బ్యాంకు గుమ్మం దాటాకే.

అనుమతుల విషయంలో మాత్రం పూర్వపు అవస్థ తగ్గింది. 2020లో వచ్చిన బీపాస్ చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి నమోదు చాలని, 600 గజాల లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో అనుమతి ఇవ్వవచ్చని చెప్పింది. విడిభాగాల నిర్మాణాన్ని నిబంధనలు నిషేధించనూ లేదు. జాతీయ భవన స్మృతిలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. కాంక్రీటు పలకల డిజైను, బిగింపులకు ఐఎస్ 15916 ప్రమాణం ఉంది. కొత్త పద్ధతులను పరీక్షించి పనితీరు పత్రం ఇవ్వడానికి కేంద్రం 1990లో నెలకొల్పిన భవన నిర్మాణ సామగ్రి, సాంకేతిక ప్రోత్సాహక మండలి (బీఎంటీపీసీ) ఉంది.

ఎండ, మంట, మేకు

మే నెలలో రామగుండం ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మామూలే. రేకు ఇల్లనగానే కార్మికులకు గుర్తొచ్చేది సైటు కార్యాలయంలోని ఉక్కపోత. ఒంటి రేకు గదికి అది నిజం. రెండు రేకుల నడుమ రెండు అంగుళాల నురుగు ఉన్న పలక మాత్రం తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కంటే మెరుగ్గా వేడిని ఆపుతుంది. కానీ ఇటుక గోడకు మరో గుణముంది. పగటి వేడిని తనలో దాచుకుని ఆలస్యంగా వదులుతుంది. నురుగు పలకకు ఆ నిల్వ శక్తి లేదు. తలుపు తీస్తే చాలు గది వేడెక్కుతుంది, మూసి ఏసీ వేస్తే త్వరగా చల్లబడుతుంది. ఏసీ పెట్టగలిగేవారికి, పెట్టలేనివారికి ఒకే పలక ఒకే ఫలితం ఇవ్వదన్న మాట.

అంతకంటే ముఖ్యం నిప్పు. థర్మోకోల్ రకం నింపుడు పదార్థం మంటకు కరుగుతుంది. పాలియురేథేన్ నురుగు కాలితే విషపు పొగ వస్తుంది. రాతి ఊలు కాలదు, అయితే ఖరీదు ఎక్కువ. కోటా బొగ్గుతో పొయ్యి వెలిగించిన తరం ఇప్పటికీ ఉన్న వాడల్లో వంటింటి గోడలో ఏముందో అడక్కుండా ఇల్లు కొనడం ప్రమాదకరం.

వాడుకలో ఎదురయ్యే సందేహాలు ఇంకొన్ని. మేకు కొడితే ఆగుతుందా, ఫ్యాను కొక్కెం ఎక్కడ, పెద్ద కొడుకు పెళ్లయ్యాక పైన గది వేయవచ్చా? చివరిది చిన్న ప్రశ్న కాదు. ఖనిలో ఇల్లు ఒకసారి కట్టి వదిలేసేది కాదు. సగం పిల్లర్ల ఇనుప చువ్వలు డాబాపై అలాగే నిలబడి ఉంటాయి, రేపటి అంతస్తు కోసం. విడిభాగాల ఇంట్లో ఆ రేపటిని మొదటి రోజే డిజైనులో చెప్పాలి.

తాపీ పని ఎవరికి?

ఉదయం కూడళ్ల వద్ద పని కోసం నిలబడే అడ్డా కూలీల కోణం నుంచీ దీన్ని చూడాలి. గనుల్లో ఉద్యోగాలు తగ్గుతూ వచ్చిన ప్రాంతంలో తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనులు వేల కుటుంబాలకు ఆధారం. గోడ కర్మాగారంలో తయారైతే ఆ కూలి కర్మాగారం ఉన్న ఊరికి పోతుంది. ఇందులో చట్టపరమైన మెలిక కూడా ఉంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం వచ్చిన 1996 చట్టం ఫ్యాక్టరీల చట్టం వర్తించే పనిని తన నిర్వచనం నుంచి తప్పించింది. అంటే ఒకే గోడను స్థలంలో కట్టినవారికి సంక్షేమ మండలి గుర్తింపు దక్కేది, షెడ్డులో పోసినవారికి దక్కేది కాదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. కార్మిక సంఘాలు ఈ అంశంపై ఇప్పటినుంచే దృష్టి పెట్టడం మంచిది.

పెద్ద కొనుగోలుదారు కంపెనీయే

ఇన్ని అడ్డంకుల నడుమ ఈ పద్ధతికి ఇక్కడ చోటు ఎక్కడంటే ముందుగా సింగరేణిలోనే. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ఈ సంస్థకు ఒకే కొలతల భవనాలు పదుల సంఖ్యలో అవసరం. క్వారీ ముందుకు కదిలేకొద్దీ విశ్రాంతి గదులు, మ్యాన్‌వే కార్యాలయాలు, క్యాంటీన్లు వెనక్కి జరగాలి. 50 మందికి మించి పనిచేసే చోట విశ్రాంతి షెడ్డు, 250 మందికి మించితే క్యాంటీన్ ఉండాలని 1955 గనుల నియమాలు నిర్దేశించాయి. ఇటుకతో కట్టినవి పదేళ్లకో, పదిహేనేళ్లకో మట్టి దిబ్బల కిందికి పోతాయి. బోల్టు విప్పి మరో గనికి తరలించగల గది అక్కడ ఆదాయమే. భూమి కోల్పోయిన గ్రామాల పునరావాస కాలనీలకూ ఈ పద్ధతి తగినదే. ఒకే కొలత, విశాలమైన రోడ్లు, క్రేనుకు చోటు, అన్నింటికీ మించి త్వరగా ఇవ్వాల్సిన అవసరం ఉన్నాయి. అయితే అక్కడ నిర్వాసితుల అంగీకారం ముందు రావాలి. ఇటుక ఇల్లు పోగొట్టుకున్నవారికి రేకు ఇల్లు చూపితే ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

ఇందుకు టెండరు విధానం మారాలి. ఘనపు మీటరు కాంక్రీటుకు ఇంత, చదరపు మీటరు ప్లాస్టరింగుకు ఇంత అన్న రేట్ల పట్టికలో కర్మాగారం గోడ ఇమడదు. పూర్తయిన భవనానికి చదరపు మీటరు చొప్పున, విప్పి మళ్లీ బిగించే ఖర్చుతో కలిపి ధర పిలవాలి. ఎన్టీపీసీ బూడిద చేరువలోనే ఉన్నందున పలకల యార్డు ఈ ప్రాంతంలోనే పెడితే 200 కిలోమీటర్ల రవాణా మిగులుతుంది. స్థానిక మేస్త్రీలకూ అందులో పని దొరుకుతుంది. ఏటా ఇన్ని భవనాలు కొంటామన్న హామీ లేనిదే ఆ యార్డు పెట్టేందుకు ఎవరూ ముందుకు రారు.

సొంతంగా విడిభాగాల ఇల్లు కట్టుకోదలచినవారు కంపెనీ ప్రతినిధి చూపే రంగుల పుస్తకం పక్కనపెట్టి కొన్ని కాగితాలు అడగాలి. ఆ పద్ధతికి బీఎంటీపీసీ పనితీరు పత్రం ఉందా, పలక లోపల నింపిన పదార్థం పేరు బిల్లులో రాసిస్తారా, అతుకుల డిజైనుపై స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉందా, పై అంతస్తు బరువును లెక్కలో చేర్చారా అన్నవి ముఖ్యం. నేల కింద గని పనులు జరిగాయా అన్నది ఏరియా సర్వే విభాగంలో ముందే విచారించుకోవాలి. బయానా ఇచ్చే ముందు క్రేను నడిపేవారిని గల్లీకి తీసుకెళ్లి చూపించడం ఇంకా మేలు.